తైలము నడచు త్రోవ

రాయలసీమలోని కోసిగి ప్రాంతపు చేలలో దుక్కి దున్ను ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు డ్రైవరు నోట మొట్టమొదట వచ్చుమాట “ఎయిర్ పట్టింది” అని. వెంటనే ఆతడు ఫిల్టరు మీది బోల్టును వదులుచేసి, ఫీడ్ పంపు మీటను చేతితో కొట్టుచు, నురుగంతయు పోయి స్వచ్ఛమైన డీజిలు ధారగా వెలువడువరకు ఓపికతో నిలుచును. ఈ చిన్నపనిలో ఇమిడియున్న శాస్త్రమే, అమెరికా దేశమున పావుమైలు, అనగా 402 మీటర్ల దూరమును, పందెము వేసి పరుగెత్తు డీజిలు ట్రక్కులకును మూలాధారము. జాతరలలో ఎద్దుల బండలాగుడును చూచి ఒడలు మరచు మన సీమవారికి ఆ పోటీలోని ఆవేశమును వేరుగ వర్ణింపనక్కరలేదు.

పెట్రోలు ఇంజనులో లోనికి పోవు గాలిని అదుపుచేసి బలమును నియమింతురు. డీజిలు ఇంజనులోనో, గాలి నిరాటంకముగ వచ్చుచుండ, నాజిలు చిమ్ము తైలపరిమాణమే బలమును నిర్ణయించును. వేయి అశ్వశక్తుల ఇంజనుకు, పొదుపుగ లెక్కించినను, గంటకు సుమారు 200 లీటర్ల చొప్పున డీజిలు అందవలె. పది సెకండ్ల పరుగులో కాలునది అరలీటరుకు కొంచెము పైన మాత్రమే! కాని ఆ కొద్దిపాటి తైలము ఒక్క బుడగయైనను లేక, ఒత్తిడి తగ్గక చేరవలె. డీజిలు దాదాపు అణగదు, గాలి అణగును. కావున పంపు ఎంత బలముగ నొక్కినను నడుమనున్న బుడగ ఆ ఒత్తిడిని తానే మ్రింగివేయును.

1998 నడుమనుండి 2002 వరకు వచ్చిన డాడ్జ్ రామ్ ట్రక్కుల కమ్మిన్స్ ఇంజనులు ఇందుకు చక్కని సాక్ష్యము. వానిలో నాజిళ్లకు తైలమును నెట్టు బాష్ వీపీ44 పంపు తనగుండ ప్రవహించు డీజిలుచేతనే చల్లబడును, డీజిలుచేతనే జిడ్డును పొందును. దానికి తైలము నందించు చిన్న విద్యుత్ పంపును ట్యాంకునకు దూరముగ, ఇంజను ప్రక్కనే బిగించిరి. అది నీరసించెనా, ఎంతో వెలగల పెద్దపంపు చెడిపోవును. దూరమునుండి పీల్చుటకంటె దగ్గరనుండి నెట్టుట మేలు. ఏలయన, పీల్చుచోట ఒత్తిడి పడిపోయి, డీజిలులో కరిగియున్న గాలియే బుడగలై పైకి తేలును.

కావున పందెపు మెకానిక్కులు బలమైన పంపును ట్యాంకు చెంతనే ఛాసిస్‌కు బిగింతురు. సన్నని గొట్టములను తీసివేసి వెడల్పైనవి వేయుదురు. గాలిని, నీటిని వేరుచేయు ఫిల్టర్లను కూర్తురు. ట్రక్కు ఒక్కుమ్మడిగ ముందునకు దూకినప్పుడు ట్యాంకులోని డీజిలంతయు వెనుకకు పోయి, పీల్చు గొట్టపు నోట గాలి చొరబడును గనుక, ట్యాంకు అడుగున చిన్న గుంటవంటి సంపు నమర్చి అక్కడినుండి తైలమును తీయుదురు. ఇన్ని మార్పులలో నాకు మిక్కిలి అందముగ తోచినది ఇదియే. ఇట్లు తైలమునకు వేరొక పంపు నుంచుట మన రైళ్లకును క్రొత్త కాదు. కోసిగి మీదుగ గుంతకల్లు–రాయచూరు రైలుమార్గము పోవుచున్నది. గుంతకల్లు చెంతనే యున్న గుత్తి షెడ్డున పోషింపబడిన ఆల్కో డీజిలు ఇంజనులకును బూస్టరు పంపు వేరుగ నుండెడిది.

2003 నుండి ఆ డాడ్జ్ ట్రక్కులకు వచ్చిన కామన్ రైలు (అన్ని నాజిళ్లకు ఒకే గొట్టమునుండి అధిక ఒత్తిడి తైలమందు) ఇంజనులకు రెండవ సీపీ3 అధిక ఒత్తిడి పంపును, పెద్ద నాజిళ్లను తగిలించు ముచ్చట ఆ పిమ్మటిది. తగినంత గాలి నందించు టర్బో లేనిచో అధికతైలమంతయు నల్లని పొగయై పోవును. వీనిని తగిలించుటకు ముందే, చిన్నపంపునకు పెద్దపంపునకు నడుమ ఒత్తిడి చూపు మీటరొకటి బిగింపవలె. దాని వెల స్వల్పము. యాక్సిలరేటరును పూర్తిగ త్రొక్కినప్పుడు దాని ముల్లు క్రిందికి జారెనా, లోపము ట్యాంకువైపున నున్నది. ఆ స్థితిలో నాజిళ్లను పెంచినకొలది ముల్లు మరింత జారును.