పది దాటినా ఆగని పాట
తెల్లారితే కాయకోత - కూలీ కంటికి కునుకు కరువు

సత్తెనపల్లి: మాఘమాసం వచ్చిందంటే సత్తెనపల్లి చుట్టుపక్కల పల్లెల్లో రెండు పనులు జోరందుకుంటాయి. ఒకటి మిరపకాయ కోత. రెండోది పాట కచేరి. తిరునాళ్లు, కొలుపులు, పెళ్లిళ్లు, ఆ తరువాత శ్రీరామనవమి పందిళ్లు - ఏది జరిగినా ఆర్కెస్ట్రాను పిలవడమో, డీజే బాక్సులు దింపడమో పరిపాటి అయింది. కూలీలను ఎక్కించుకునే ఆటో అయిదు, అయిదున్నరకే వీధి మొగదలకు వస్తుంది. వంట చేసి క్యారేజీ కట్టుకోవాలంటే ఆడవాళ్లు నాలుగింటికే లేవాలి. పాట ఆగేది ఒంటిగంటకో, రెండింటికో! మిగిలిన రెండు గంటల కునుకుతో రోజంతా ఎండలో వంగి కాయ కోయాలి. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు వచ్చేదీ ఈ రోజుల్లోనే.

పాట మీద ఎవరికీ కోపం లేదు. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ పుట్టిన పొన్నెకల్లు ఇక్కడికి ఎంతో దూరం కాదు. తెల్లవార్లూ కూర్చుని పద్యనాటకం చూసిన తరం ఇంకా ఊళ్లలో ఉంది. మహాశివరాత్రి నాడు కోటప్పకొండ కింద విద్యుత్ ప్రభల ముందు రాత్రంతా పాటలు మోగినా ఎవరూ విసుక్కోరు. అక్కడికి పోయేదే జాగారానికి. అవే బాక్సులు ఊళ్లోకి వచ్చి ఇంటి గోడకు పది గజాల్లో నిలిస్తే, మొక్కుకోని వాళ్లు కూడా జాగారం చేయవలసి వస్తోంది.

పూర్వం చెట్టుకు కట్టిన గొట్టపు మైకు కీచుమన్నా, తలుపు వేసుకుంటే కొంత తగ్గేది. ఇప్పటి బేస్ బాక్సు మోత తలుపు వేసినా ఆగదు. ఇంటి రేకులు, గూట్లో గిన్నెలు అదురుతాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు పడే అవస్థ చెప్పనలవి కాదు. అధికారులు వాడే డెసిబెల్ కొలత చెవి వినికిడిని బట్టి ఏర్పరచినది కనుక, ఈ లోతు మోతను తక్కువగానే చూపుతుంది. గుండెకు తగిలే దెబ్బ మీటరుకు పూర్తిగా అందదన్నమాట.

చట్టం లేక కాదు. కేంద్ర ప్రభుత్వం 2000లోనే శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు తెచ్చింది. ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటరాదు. రాత్రి అంటే పది నుండి ఉదయం ఆరు వరకు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే వచ్చే శబ్దమే సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. మైకు పెట్టాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. పది దాటాక ఆరుబయట మైకు మోగరాదు. ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు ఇంకా కఠినం.

ఢిల్లీలో 13 ఏళ్ల బాలికపై అత్యాచారం జరిగినపుడు, పక్కనే మోగుతున్న మైకు హోరులో ఆమె కేకలు ఎవరికీ వినపడలేదు. ఆ సాయంత్రమే ఆ పిల్ల ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. 1998 జనవరిలో పత్రికల్లో వచ్చిన ఆ వార్త చూసి ఒక ఇంజనీరు సుప్రీంకోర్టుకెక్కారు. 2005 జూలై 18 నాటి తీర్పుకు అదే మూలం.

"ఏడాదికొక్కసారి పండగేగా" అనేవారికీ చట్టంలో జవాబుంది. ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులు మించకుండా రాత్రి పన్నెండు వరకు సడలింపు ఇవ్వవచ్చు. అయితే ఇవ్వవలసింది రాష్ట్ర ప్రభుత్వమే. ఆ అధికారాన్ని కింది వారికి అప్పగించరాదని 2005 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక ఊరి పెద్ద సరేనన్నా, స్థానిక అధికారి తలూపినా చెల్లదు.

హైదరాబాదు జూబ్లీహిల్స్ వాసులు పబ్బుల హోరుపై కోర్టుకెక్కగా, రాత్రి పది దాటాక సంగీతం వినిపించరాదని 2022 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. తరువాత ఆ ఉత్తర్వు పరిధి తగ్గిందనుకోండి. అయినా వారికి సంఘం ఉంది, వకీలు ఉన్నాడు. ఇక్కడి కూలీకి ఎవరున్నారు? పందిరికి చందా ఇచ్చిన ఆసామి చేలోకే మర్నాడు కోతకు పోవాలి. పాట పెట్టించిన కుర్రాడు వరసకు బావమరిది. అర్ధరాత్రి 112కు ఫోను చేసి ఊళ్లో మొహం ఎలా చూపించేది? నిబంధన మీరితే 10 వేల నుండి 15 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చని 2023లో చట్టాన్ని సవరించారు. ఫిర్యాదే లేనపుడు ఆ అంకె ఎంతయితేనేం?

అందుకే కట్టడి జరగవలసింది అర్ధరాత్రి కాదు, అనుమతి కాగితం దగ్గర. వేదిక ఎక్కడ, బాక్సులు ఎటు తిప్పుతారు, ఎన్నింటికి ఆపుతారు అన్నవి అందులో రాయించి, ఒక నకలు ఆ వీధిలో అంటిస్తే అడగడానికి ఎవరికైనా నోరు వస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపయిన కొద్దీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఇళ్లకు 20 మీటర్లలో ఉన్న బాక్సును 160 మీటర్లకు జరిపితే 18 డెసిబెల్స్ తగ్గినట్లే. అలాగని కల్లాల వైపు జరపడానికి లేదు. అక్కడ కాయ కాపలాకు పడుకున్న రైతు ఉంటాడు.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఆలస్యం. ఏడింటికని కరపత్రం వేసి, అతిథులు వచ్చేసరికి తొమ్మిదిన్నర చేస్తారు. ఆపైన దండలు, శాలువాలు, ఉపన్యాసాలు. పాట ఎత్తుకునే సరికే పది కొడుతుంది. సన్మానాలు పాటల మధ్యలో కానిచ్చి, దీపాలు పెట్టే వేళకే మొదటి పాట ఎత్తుకుంటే పదింటికి మైకు కట్టేయడం కష్టం కాదు.