నడిమి కర్బనము చెప్పు సాక్ష్యము

వంటింటి గ్యాసుబండలోనున్నది ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమమని చాలమంది ఎరుగుదురు. కాని మూడు పూసల దండవలె అమరిన ప్రొపేను అణువునందు బరువు కర్బనము కొనపూసలయం దెంతయో, నడిమిపూసయం దెంతయో విడివిడిగా కొలువవచ్చునన్నచో నమ్మువారు తక్కువ.

ప్రకృతిలోని కర్బనము నూటికి 98.9 పాళ్లు 12 ద్రవ్యసంఖ్య గలది, తక్కిన 1.1 పాళ్లు 13 గలది. బరువుదాని బంధము లేశమాత్రము దృఢతరమగుటచే తేలికదాని బంధమే ముందుగా తెగును. కావున ఈ రెండింటి నిష్పత్తి, దక్షిణ కెరోలైనాలోని పీడీ శిలాస్తరమున దొరకిన బెలెమ్నైటు శిలాజమును ప్రమాణముగా గొని వెయ్యింట ఇంత హెచ్చు, ఇంత తగ్గు అని లెక్కించినయెడల, ఆ వాయువు పుట్టుపూర్వోత్తరములను తెలుపును.

చిరకాలము శాస్త్రజ్ఞులు వాయువునంతయు కాల్చి, వచ్చిన కార్బన్ డయాక్సైడును మాస్ స్పెక్ట్రోమీటరున పరీక్షించుచుండిరి. ఉమ్మడి కుటుంబపు పద్దులో అన్నదమ్ముల విడిసంపాదనలు కానరానట్లే, కొనలు రెండును వెయ్యింట −30, నడిమిది −24 అయినను సగటు −28. మూడును −28 అయినను సగటు అదియే.

2016లో టోక్యోయందు అలెక్సిస్ గిల్బర్ట్ మున్నగువారు ప్రొపేనును కాల్చుటకు మారుగా వేడిచే విరిచిరి. అట్లు విరిగినప్పుడు వచ్చు మీథేనులోని కర్బనము కొనది. ఎథిలీనులోనివి కొనది ఒకటి, నడిమిది ఒకటి. మీథేను −30, ఎథిలీను −27 అని తేలినచో, −27ను రెట్టించి అందుండి −30ని తీసివేయగా నడిమిది −24 అని చిక్కును. విరుగుటలో కలుగు స్వల్పవికారములను సవరించుకొనవలసి యున్నను, కూడికలు తీసివేతలు వచ్చిన బాలునకు గూడ బోధపడు ఈ ఉపాయము నాకెంతయు ముచ్చటగొలుపుచున్నది. ఇంచుమించు అదే కాలమున కాలిఫోర్నియాయందు జాన్ ఐలర్ బృందము, అయానుల శకలములను అతిసూక్ష్మముగా వేరుచేయు యంత్రముతో ఈ పనినే మరియొక తెరువున సాధించినది.

ఇంత శ్రమ యెందులకన, భూగర్భమున ప్రాణవాయువు సోకని తావులలో ప్రొపేనును భక్షించి బ్రదుకు బాక్టీరియాలు కలవు. అవి కొనలకంటె నడిమి కర్బనమునే ఎక్కువగా పట్టును. తేలిక నడిమి గల అణువులు ముందు హరించిపోగా, మిగిలిన ప్రొపేనునందు నడిమిది నానాటికి బరువెక్కును. భూగర్భపు వేడిచే పుట్టిన వాయువునం దీ చిహ్నము వేరు తీరున నుండును. 2019లో గిల్బర్ట్ బృందము సహజవాయు నిక్షేపములనుండి తెచ్చిన ప్రొపేనునందు ఈ గురుతునే కనుగొని, భూగర్భమున నీ భక్షణము ఇంతకుమున్ను తలచినదానికంటె విస్తారముగా జరుగుచుండవచ్చునని తెలిపినది.