పాలపళ్ళూ, టీకాల తేదీలూ

పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే కదా అన్న మాట అమెరికాలోని తెలుగు ఇళ్ళలో కూడా వినిపిస్తూనే ఉంటుంది. అందులో సగమే నిజం. ముందుపళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి గాని, వెనుక దంతాలు పది పన్నెండేళ్ళ వరకూ నిలిచి, కింద ఎదుగుతున్న శాశ్వత దంతాలకు చోటు కాయవలసినవి.

పాలపంటి మీది ఎనామిల్ పొర పలుచన. పుచ్చు త్వరగా లోపలికి దిగుతుంది. నోట్లో పాలసీసాతో నిద్రపోయే బిడ్డకు ముప్పు మరీ ఎక్కువ: నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పాలలోని చక్కెరను సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. కింది ముందుపళ్ళను నాలుక కొంత కాపాడుతుంది కనుక మొదట దెబ్బతినేవి పై ముందుపళ్ళే. చిగుళ్ళ అంచున సుద్దలాంటి తెల్లని గీత తొలి గుర్తు. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ గమనించరు. ఆ దశలో ఫ్లోరైడుతో పుచ్చును ఆపవచ్చు. గుంటలు పడి ముదిరితే రెండేళ్ళ బిడ్డకు మత్తు ఇచ్చి చికిత్స చేయవలసి రావచ్చు. తొలి పన్ను కనబడినప్పటినుంచీ రోజుకు రెండుసార్లు బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో తోమాలి. మూడేళ్ళు నిండాక బఠాణీ గింజంత. మొదటి పుట్టినరోజులోగా దంతవైద్యునికి చూపించాలి.

ఈ క్రమమంతా తెగేది బిడ్డ తొలి ఇండియా ప్రయాణంలో. నిద్రవేళలు తారుమారై, మానిపించిన రాత్రిసీసా తిరిగి వస్తుంది. (విమానంలో ఏడ్చే బిడ్డకు సీసా ఇవ్వని తల్లిని తోటి ప్రయాణికులు క్షమించరు.) టీకాల లెక్క తికమకపడేదీ అప్పుడే.

తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు వేసే ఎంఎంఆర్ టీకా అమెరికాలో 12–15 నెలల మధ్య ఒకటి, 4–6 ఏళ్ళ మధ్య మరొకటి. విదేశానికి వెళ్ళే 6–11 నెలల పసివారికి ముందుగానే ఒక మోతాదు వేస్తారు. తల్లినుంచి వచ్చిన ప్రతిరక్షకాలు ఆ వయసులో టీకాను కొంత అడ్డుకోగలవు కనుక అది లెక్కలోకి రాదు. ఏడాది నిండాక రెండూ మళ్ళీ వేయించాలి. ఏడాది దాటిన బిడ్డకైతే ప్రయాణానికి ముందే కనీసం 28 రోజుల ఎడంతో రెండు మోతాదులు పూర్తిచేయవచ్చు.

కొన్ని నెలలు అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లల సంగతి వేరు. భారత ప్రభుత్వ కార్యక్రమంలో తొమ్మిది నెలలు నిండగానే మీజిల్స్–రుబెల్లా టీకా వేస్తారు. తట్టు ముప్పు ఎక్కువగా ఉన్నచోట అది సబబే. కాని అందులో గవదబిళ్ళల టీకా లేదు, ఏడాది లోపు మోతాదును అమెరికా లెక్కించదు. 2016 ఏప్రిల్ తరువాత వేసిన పోలియో చుక్కలూ అంతే. వాటిలో మూడు రకాల వైరస్‌లకూ రక్షణ లేదు. అవి వృథా అని కాదు, మిగిలినవి వేయించాలని అర్థం.

తేదీ రాయని టీకాను వేయనట్టే భావిస్తారు. తేదీ ఉన్నా చిక్కే: 05-08 అంటే ఇండియాలో ఆగస్టు 5, అమెరికాలో మే 8. ఆ మూడు నెలల తేడాతో ఏడాది నిండాక వేసిన టీకా నిండకముందు వేసినట్టు కనబడవచ్చు. నెల పేరు అక్షరాలలో రాయమని క్లినిక్‌లోనే అడిగి, కార్డుకు ఫోటో తీసి ఉంచుకోవడం మేలు.