నిల్వకారకాలు – మాంసకృత్తుల ఔషధాలు

హుజూర్‌నగర్ ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. అక్కడి మధుమేహరోగి ఇంట్లోని ఇన్సులిన్ సీసా ఆ వేడిని తట్టుకొంటుందా? సీసాపై మెటాక్రిసాల్ అనే నిల్వకారకం పేరు చూసి, ఇక మందు చెడదని భావించడం సహజం. అయితే నిల్వకారకం చేసే పని వేరు.

ఇన్సులిన్ ఒక మాంసకృత్తు, అనగా ప్రోటీన్. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన హెపటైటిస్-బి టీకాలోని ప్రధాన పదార్థమూ మాంసకృత్తే. అమైనో ఆమ్లాల గొలుసు ఒక నిర్దిష్ట రీతిలో మడతపడినప్పుడే దానికి ఔషధగుణం అబ్బుతుంది. ఆ మడత విడిపోతే అణువులు ఒకదానికొకటి అతుక్కొని ముద్దకడతాయి. మందు బలం తగ్గుతుంది.

ఒకే సీసా నుండి పలుమార్లు మందు తీసినప్పుడు సూదితోపాటు సూక్ష్మజీవులు లోనికి ప్రవేశించవచ్చు. 1928 జనవరిలో ఆస్ట్రేలియాలోని బండబెర్గ్ పట్టణంలో నిల్వకారకం లేని డిఫ్తీరియా టీకా సీసా కలుషితమైంది. టీకా పొందిన 21 మంది పిల్లలలో 12 మంది మరణించారు. ఇటువంటి అనర్థాలను నివారించడానికే పలు మోతాదుల సీసాలలో నిల్వకారకాన్ని కలుపుతారు.

సూక్ష్మజీవులను అణచే పదార్థం మాంసకృత్తును కూడా బాధించవచ్చు. మెటాక్రిసాల్ మానవ పెరుగుదల హార్మోను అణువులను ముద్దకట్టించగలదు. ఇన్సులిన్ విషయంలో మాత్రం అదే పదార్థం మేలు చేస్తుంది. జింకు సాయంతో ఆరు ఇన్సులిన్ అణువులు ఒక జట్టుగా కూడుతాయి. మెటాక్రిసాల్ ఆ జట్టులోని సందులలో ఇమిడి దానిని మరింత దృఢపరుస్తుంది. కనుక ఏ మందుకు ఏ నిల్వకారకం, ఎంత పాళ్ళలో తగునో శాస్త్రజ్ఞులు విడివిడిగా పరీక్షించి నిర్ణయిస్తారు.

అయినా ఈ దృఢత్వానికి హద్దు ఉంది. తీవ్రమైన వేడి, ఎండ, గడ్డకట్టించే చలి ఇన్సులిన్ మడతను చెరుపుతాయి. వాటిని నిల్వకారకం ఆపజాలదు. తెరవని సీసాను 2 నుండి 8 డిగ్రీల నడుమ ఉంచాలి. తెరచిన సీసాను చల్లని చోట ఉంచి, దానిపై సూచించిన గడువులోగా, సాధారణంగా నాలుగు వారాలలో, వాడాలి. ఫ్రిజ్ లేని ఇంట తడి ఇసుకపై నిలిపిన మట్టికుండలో, నీరు తగలకుండా సీసాను ఉంచితే వేడి కొంత తగ్గుతుంది. తేటగా ఉండవలసిన ఇన్సులిన్ మసకబారితే దానిని పారవేయాలి. తేటగా కనిపించినంత మాత్రాన బలం ఉన్నదని చెప్పలేము. బలహీనపడిన మందు రక్తంలోని చక్కెరను అదుపు చేయలేక ప్రాణాపాయాన్ని తెచ్చిపెట్టవచ్చు. క్రిములనుండి మందును కాపాడేది నిల్వకారకం. వేడినుండి కాపాడవలసినది మనిషి.