మందు తగ్గితే పైపుకు చిల్లు

నీళ్లు పారే కార్బన్ స్టీల్ పైపులో కొన్ని చోట్ల ఇనుము అయాన్లుగా మారి నీళ్లలో కరిగిపోతుంది. అది వదిలేసిన ఎలక్ట్రాన్లు లోహం గుండానే ఇంకో చోటికి చేరి, నీటిలోని ఆక్సిజన్‌తో కలుస్తాయి. మొదటి చోటు ఆనోడ్, రెండోది కాథోడ్. ఒకటి ఆగితే రెండోదీ ఆగాల్సిందే. ఇన్హిబిటర్ అనే రసాయనం చేసేదల్లా ఏదో ఒక చోటును కప్పెయ్యడమే.

జింకు కాథోడ్ మీద పనిచేస్తుంది. అక్కడ నీటికి క్షారగుణం ఎక్కువ కాబట్టి, హైడ్రాక్సైడ్‌గా పేరుకుని ఆక్సిజన్‌కు దారి మూసేస్తుంది. నైట్రైట్, క్రోమేట్ ఆనోడ్ పక్షం. ఇనుము మీద పలుచటి ఆక్సైడ్ పొర కట్టిస్తాయి. చిక్కంతా ఈ రెండో రకంతోనే. డోసు చాలకపోతే పొర అక్కడక్కడా తెగి ఉంటుంది. అప్పుడు పైపంతా కాథోడ్, ఆవగింజంత చోటు ఆనోడ్. చెరువు కట్టకు గండి పడితే నీళ్లన్నీ అటే తోసుకొచ్చినట్టు, తుప్పంతా ఆ ఒక్క చోటే లోతుకు దిగుతుంది. అసలు మందే వెయ్యని పైపు కన్నా ఇదే ముందు చిల్లు పడొచ్చు. పైగా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేసే బాక్టీరియా ఉంది. పోసిన మందు చెప్పాపెట్టకుండా తరిగిపోతుంది.

ప్లాంటుల్లో తుప్పును పసిగట్టడానికి కూపన్ అనే చిన్న స్టీలు పట్టీని తూచి, నీళ్ల లైనులో బిగిస్తారు. ఒకటి నుంచి మూడు నెలలయ్యాక తీసి, తుప్పు కడిగి, మళ్లీ తూస్తారు. తగ్గిన బరువును బట్టి ఏడాదికి ఎంత మందం అరుగుతుందో లెక్క కడతారు. అది సగటు లెక్క. సూదిమొనంత గుంట బరువులో తేలదు. భూతద్దం పెట్టి చూడకుండా రిపోర్టు మీద సంతకం పెట్టకూడదు.

క్రోమేట్ వాడకం పోయింది మాత్రం వేరే కారణంతో. కాలిఫోర్నియాలోని హింక్లీలో పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ 1952 నుంచి 1966 దాకా కూలింగ్ టవర్లలో క్రోమేట్‌ను, అంటే హెక్సావాలెంట్ క్రోమియంను వాడింది. ఆ వాడిన నీళ్లను అడుగున అస్తరు లేని గుంటల్లోకి వదిలితే, విషం భూగర్భజలాల్లోకి దిగింది. 1996లో ఊరివాళ్లకు 33.3 కోట్ల డాలర్లు కట్టుకోవాల్సి వచ్చింది. 'ఎరిన్ బ్రాకోవిచ్' సినిమా ఈ కథే. 1994లో అమెరికా ప్రభుత్వం పరిశ్రమల కూలింగ్ టవర్లలో క్రోమేట్‌ను నిషేధించింది.

ఇప్పుడు ఫాస్ఫేట్‌దే పెద్ద వాటా. దీనికీ మోతాదు తిప్పలు తప్పలేదు. తక్కువైతే గుంటలు, మన బోరు నీళ్లలాంటి ఉప్పదనం, సున్నం ఉన్న నీటిలో ఎక్కువైతే కాల్షియం ఫాస్ఫేట్ పొలుసులా గడ్డకట్టి గొట్టాలను పూడుస్తుంది. అది గడ్డకట్టకుండా ఫాస్ఫేట్‌తో పాటు ఓ పాలిమర్ కూడా కలుపుతారు.