ఖాతా లేని చాట్‌బాట్: అడిగే ముందు, అడిగిన తరువాత

ఖాతా లేనిదే బ్యాంకులో పని జరగదని మీకు తెలుసు. పేరు, చిరునామా, గుర్తింపు పత్రం, ఫోటో ఇచ్చిన తరువాతనే పాసుపుస్తకం చేతికి వస్తుంది. అయితే ప్రశ్న అడిగితే జవాబు వ్రాసి ఇచ్చే కృత్రిమ మేధ చాట్‌బాట్ల విషయంలో ఈ నిర్బంధం అన్నిచోట్లా లేదు. 2022 నవంబరు 30న విడుదలైన చాట్‌జీపీటీకి మొదట ఖాతా తప్పనిసరిగా ఉండేది. ఖాతా లేకుండానే వాడుకొనే వీలును ఆ సంస్థ 2024 ఏప్రిల్ 1న ప్రకటించింది. అదే సంవత్సరం జూన్‌లో డక్‌డక్‌గో సంస్థ కూడా ఖాతా అక్కరలేని ఇటువంటి సేవను ప్రవేశపెట్టింది.

వాడే విధానం

సెల్‌ఫోనులో బ్రౌజరు తెరచి చాట్‌జీపీటీ.కామ్ లేదా డక్.ఏఐ అని ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేయండి. లాగిన్ కమ్మని పెట్టె కనిపిస్తే, లాగిన్ లేకుండా కొనసాగే మాటను ఎంచుకొనండి. ప్రశ్నను తెలుగులోనే అడగవచ్చు. ఖాతా లేకుండా చాట్‌జీపీటీని వాడినప్పుడు పాత సంభాషణలు నిలువ ఉండవు, కొన్ని సదుపాయాలు లభించవు. కనుక అవసరమైన జవాబును వెంటనే పుస్తకంలో వ్రాసుకొనడం మంచిది. ఓటీపీ గాని, ఏటీఎం కార్డు సంఖ్య గాని అడిగితే అది మోసపు సైటని గ్రహించి మూసివేయండి. వాట్సాప్‌లోని మెటా ఏఐ ఈ కోవలోకి రాదు. వాట్సాప్ ఖాతాయే మీ ఫోను నంబరుతో ముడిపడి ఉంటుంది.

ఖాతా లేదంటే గోప్యమని కాదు

మా శాఖ పరిధిలోని ఒక ఎరువుల డీలరు బాకీదారులకు ఉత్తరాలు వ్రాయించడానికి చాట్‌బాట్‌ను ఆశ్రయించారు. రైతుల పేర్లు, ఫోను నంబర్లు, బాకీ మొత్తాలు అన్నీ అందులో టైపు చేశారు. "లాగిన్ కాలేదు గదా సార్, ఎవరికి తెలుస్తుంది?" అని నన్ను అడిగారు. లాగిన్ కాకపోయినా మనం వ్రాసినదంతా ఆ సంస్థ కంప్యూటరుకు చేరుతుంది. దానిని చాట్‌బాట్ శిక్షణకు వాడకుండా నిలుపుకొనే వీలు చాట్‌జీపీటీ సెట్టింగులలో ఉన్నది. అంతకంటె మేలైన మార్గం అసలు వివరాలు ఇవ్వకపోవడమే. పేరుకు బదులు "రైతు" అని, బాకీకి బదులు ఖాళీ గీత పెట్టి నమూనా ఉత్తరం వ్రాయించుకొని, వివరాలు మీ చేతితో నింపుకొనండి.

పాత జవాబుతో నష్టం

2025 ఖరీఫ్‌లో ఒక రైతు సోదరునికి అప్పటికే ఉన్న 1.60 లక్షల పంట రుణంపై మరో 30,000 రూపాయలు కావలసి వచ్చింది. 1.60 లక్షలు దాటితే భూమి తనఖా పెట్టవలసినదేనని చాట్‌బాట్ చెప్పింది. ఆయన భయపడి నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చారు. వాస్తవానికి తనఖా అక్కరలేని వ్యవసాయ రుణ పరిమితిని భారత రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుండి 2 లక్షలకు పెంచినది. ఎనిమిది నెలలకు ఆయన కట్టిన వడ్డీ 4,800 రూపాయలు. గడువులోగా చెల్లించేవారికి 4 శాతం పడే కిసాన్ క్రెడిట్ కార్డులోనైతే అది 800 రూపాయలతో పోయేది.

చాట్‌బాట్ అబద్ధం కల్పించలేదు. ఒకప్పటి నిబంధననే చెప్పింది. అది నేర్చుకొన్న సమాచారం కొంత కాలం వరకే ఉంటుంది. తరువాత మారిన నిబంధన తెలియకపోయినా అది తడుముకొనకుండా జవాబు చెబుతుంది. ఆ ధీమాను చూసి మోసపోరాదు.

కనుక అర్థం కాని మాటకు వివరణ, దరఖాస్తు నమూనా, వడ్డీ లెక్క వంటి వాటికి చాట్‌బాట్‌ను నిస్సంకోచంగా వాడుకొనండి. పంట తెగులు, మందు మోతాదు విషయంలో కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551ను ఉదయం 6 నుండి రాత్రి 10 గంటల వరకు ఉచితంగా సంప్రదించండి. డబ్బు మోసపోతే ఆలస్యం చేయక 1930కు ఫోను చేయండి. రుణం విషయమైతే సంతకానికి ముందు, బయట అప్పు చేయడానికి ముందు, ఒక్కసారి మీ శాఖకు వచ్చి అడగండి. ఆ ప్రశ్నకు రుసుము లేదు.