లాడ్ బజార్ గాజులకి ఆన్‌లైన్ దుకాణం

చార్మినార్ నుంచి పడమర వైపు నడిస్తే లాడ్ బజార్. అక్కడి లక్క గాజులకి 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మా క్లాస్‌మేట్ వాళ్ళ నాన్నకి అక్కడే చిన్న దుకాణం ఉంది. ఓసారి వాట్సాప్‌లో ఎవరో ఆర్డరిచ్చి, డబ్బు కట్టినట్టు స్క్రీన్‌షాట్ పంపారు. చాచా నమ్మి 1,800 రూపాయల గాజులు కొరియర్ చేసేశారు. డబ్బు మాత్రం రాలేదు. "ఒక వెబ్‌సైట్ చేసివ్వండి బేటా" అని మమ్మల్ని అడిగింది ఆ తర్వాతే.

ముందు షాపింగ్ కార్ట్ సంగతి. వర్డ్‌ప్రెస్‌లో వాడే వూకామర్స్ ఉచితమే. కానీ హోస్టింగ్ ఖర్చు, అప్‌డేట్లు, బ్యాకప్‌లు మన నెత్తినే. షాపిఫై అయితే హోస్టింగ్, అప్‌డేట్లు వాళ్ళే చూసుకుంటారు. దానికి నెలనెలా అద్దె కట్టాలి, బయటి గేట్‌వే వాడితే ప్లాన్‌ని బట్టి అమ్మకంపై కొంత శాతం కూడా ఇవ్వాలి. మేం ఫైనలియర్. ఉద్యోగాలకి వెళ్ళిపోయాక సైటు ఆగిపోతే చాచా ఎవరిని పిలుస్తారు? అందుకే అద్దె గిట్టుబాటయ్యేన్ని ఆర్డర్లు వస్తాయో లేదో లెక్కేసుకుని షాపిఫై తీసుకున్నాం.

గాజుల సైజు దగ్గర పొరబడబోయాం. 2.4 అని రాస్తారు గానీ అది దశాంశం కాదు. రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే 2.25 అంగుళాలు. ప్రతి సైజుకీ, ప్రతి రంగుకీ స్టాక్ విడిగా పెట్టాలి. కౌంటర్లో ఒక జత అమ్మగానే ఫోన్లో తగ్గించాలి. లేకపోతే అదే జత ఇద్దరికి అమ్ముడవుతుంది.

ఇక డబ్బు ఎలా తీసుకోవాలి? సొంత క్యూఆర్ పెడితే ఖర్చు లేదు. బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపుపై 2020 జనవరి నుంచి ఎండీఆర్ లేదు. కానీ ఏ డబ్బు ఏ ఆర్డర్‌దో మనమే సరిచూసుకోవాలి. క్యాష్ ఆన్ డెలివరీలో కస్టమర్ తీసుకోనంటే రానూపోనూ కొరియర్ ఖర్చు మనదే, గాజులు పగిలితే ఆ నష్టమూ మనదే.

రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ లాంటి గేట్‌వే ఈ తలనొప్పి తగ్గిస్తుంది. ఫీజు 2 శాతం అనుకోండి. 600 రూపాయల ఆర్డర్‌కి 12 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 14.16. యూపీఐకి కూడా సర్వీస్ ఫీజు వేస్తారేమో ముందే అడగండి. కార్డు నంబర్లు మాత్రం మన దగ్గర దాచకూడదు. 2022 అక్టోబర్ 1 నుంచి ఆర్‌బీఐ దాన్ని ఆపేసింది.

వూకామర్స్ వాడేవాళ్ళకి ఒక మాట. కస్టమర్ బ్రౌజర్‌లో "సక్సెస్" పేజీ కనిపించినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. గేట్‌వే నేరుగా మన సర్వర్‌కి పంపే వెబ్‌హుక్ వచ్చి, దాని సిగ్నేచర్ సరిపోయాకే ఆర్డర్ ఖాయం చేయండి. ముందు టెస్ట్ మోడ్‌లో ఫెయిలయ్యే చెల్లింపులు కూడా చేసి చూడండి.

చాచా కౌంటర్ పక్కన ఇప్పుడొక చీటీ అంటించి ఉంది: "పెయిడ్ అని కనిపించాకే ప్యాకింగ్."